"డాల్ఫిన్ కనిపించకపోతే డబ్బులు వాపస్": ఆ బోటు ఎక్కాలా, వద్దా?

ఎస్వీయూ_జువాలజీ:

తిరుపతి నుంచి మా ఫ్రెండ్స్ గ్రూపు గోవా పోతోంది. ప్లాన్‌లో అందరూ పట్టుబట్టి పెట్టించుకున్నది పొద్దున పూట డాల్ఫిన్ ట్రిప్. బోటువాళ్ల ప్రకటనలో "డాల్ఫిన్ కనిపించకపోతే డబ్బులు వాపస్" అని ఉంది. అది చూసి నేను ఆ బోటు ఎక్కనన్నాను, అప్పటి నుంచి గ్రూపులో ఒకటే గొడవ. అందుకే ఇక్కడ పెడుతున్నా. తిట్టాలనుకుంటే తిట్టండి, పూర్తిగా చదివాక తిట్టండి.

సముద్రంలో జంతువుల్ని చూడటం తప్పని నేననట్లేదు. నాకు పడనిది ఆ గ్యారంటీ. డబ్బు వాపసు ఇవ్వకుండా ఉండాలంటే బోటువాడు ఏం చేస్తాడు? వెతుకుతాడు, వీపు కనబడగానే వెంటపడతాడు, ఒక బోటు పరుగెత్తితే మిగతా బోట్లన్నీ అటే మళ్లుతాయి. అక్కడ కనిపించేవి ఎక్కువగా హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు. ఇవి ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలోనే బతుకుతాయి, మనం విసిగిస్తే నడిసముద్రంలోకి పోయి కాపురం పెట్టే రకం కాదు. పైగా డాల్ఫిన్ చేపను వెతుక్కునేది, తల్లీపిల్లా ఒకదాన్నొకటి పిలుచుకునేది శబ్దంతోనే. ఆ నీళ్లలో అన్ని ఇంజన్లు ఒకేసారి మోగితే దానికి ఏం వినబడుతుంది?

బయటి దేశాలు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నాయో చూడండి. హవాయిలో స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా లోతు సముద్రంలో వేటాడి పగలు ఒడ్డు దగ్గర ప్రశాంతమైన నీళ్లలో నిద్ర తీస్తాయి. టూరిస్టులు ఈతకు దిగేది సరిగ్గా ఆ నిద్ర వేళలోనే. ఏళ్ల తరబడి అలా జరిగాక 2021లో అమెరికా ప్రభుత్వం వాటికి 50 గజాల లోపలికి ఎవరూ పోకూడదని నిబంధన పెట్టింది. న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ఐలాండ్స్‌లో బాటిల్‌నోస్ డాల్ఫిన్లు 1999 నుంచి 66 శాతం తగ్గిపోయాయని లెక్క తేలాక 2019లో అక్కడ వాటితో ఈత కొట్టించడం ఆపేశారు. అవి తగ్గడానికి టూరిస్టులొక్కరే కారణమని నేను చెప్పను. కానీ వాటిని ప్రేమించి చూడటానికి వచ్చినవాళ్ల వల్లే వాటికి తినడానికీ పడుకోవడానికీ టైము దొరకలేదని అక్కడి ప్రభుత్వమే చెప్పింది.

పలమనేరు_ప్రయాణం:

బ్రదర్, మీరు చెప్పిన దేశాల సంగతి ఒప్పుకుంటా. అయితే ఒకటి అడుగుతా. మా పాప ఊహ తెలిసినప్పటి నుంచి సముద్రం అంటే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు, గుర్రం సవారీ అనుకునేది. గోవాలో డాల్ఫిన్‌ను చూసొచ్చాక ఆ పిల్ల సముద్రం గురించి అడగని ప్రశ్న లేదు, ప్లాస్టిక్ కవరు కింద పడేస్తే నన్నే తిడుతుంది. చూడనిదాన్ని ఎవరు ప్రేమిస్తారు? చిత్తూరు జిల్లాలో పుట్టిన పిల్లలకు సముద్రం ఏమైనా గుమ్మం ముందు ఉందా? ఇంకో సంగతి, ఆ బోటువాళ్లు కూడా పిల్లల్ని చదివించుకోవాలి. సీజన్లో నాలుగు డబ్బులొచ్చే పని అదొక్కటే. తిరుపతిలో కూర్చుని వాళ్ల పొట్ట మీద కొట్టడం సులువే.

తడ_బోటు:

మాది పులికాట్ ఒడ్డు, మా ఇంట్లో అందరం వల మీద బతికినోళ్లమే, అందుకని ఒక మాట చెప్తా. 2025 జనవరిలో చెన్నై, దాని చుట్టుపక్కల తీరంలో వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లవి. అవేవీ టూరిస్టు ఫొటోలకు చావలేదు, ట్రాల్ వలలో, అంటే పెద్ద బోటు వెనక ఈడ్చుకుపోయే వలలో చిక్కుకుని, ఊపిరి పీల్చుకోవడానికి పైకి రాలేక చచ్చినాయి. వలలో పడ్డ తాబేలు బయటికి పోయేట్టు దారి ఉండే పరికరం ఒకటి ఉంది, అది పెట్టుకోమంటే చేపలు పోతాయని చాలామంది పెట్టరు. అంత పెద్ద సంగతి వదిలేసి డాల్ఫిన్ బోటు గురించి కొట్టుకోవడం నాకు సరిగా అనిపించట్లేదు.

ఇంకోటి. మా దగ్గర ఫ్లెమింగోలు దిగే సీజన్లో కెమెరాలు పట్టుకుని వస్తారు. బోటు ఇంకా దగ్గరికి పోనియ్, అవన్నీ ఒక్కసారి లేస్తే ఫొటో బాగా వస్తుంది, డబ్బులు ఎక్కువ ఇస్తాం అంటారు. మేం కుదరదంటే దిగిపోయి పక్కబోటు ఎక్కుతారు. వెంటపడేది బోటోడు అని మీరు రాశారు. తోలమనేది ఎవరు సార్?

చిత్తూరు_టీచరమ్మ:

నాకైతే ఇందులో చర్చే లేదు. డాల్ఫిన్లను తొట్టెల్లో పెట్టి ఆడించకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2013లోనే చెప్పేసింది. తొట్టెలో తప్పయింది సముద్రంలో ఎలా ఒప్పవుతుంది? మొత్తం ఆపేయాలి. పిల్లలకు చూపించాలంటే టీవీలో ఎంతో మంచి డాక్యుమెంటరీలు ఉన్నాయి.

ఎస్వీయూ_జువాలజీ:

ముందు తడ అన్నకు. మీ చివరి ప్రశ్నకు తలవంచి జవాబు చెప్తున్నా, తోలమనేది మనమే. నేను బోటువాడిని కాదు, ఆ గ్యారంటీని అంటున్నా. ఆ గ్యారంటీ పుట్టింది కూడా అది లేని బోటును మనం ఎక్కం కాబట్టే. ట్రాలర్ల విషయంలో మీరన్నది అక్షరాలా నిజం, తాబేళ్లను ఎక్కువగా చంపేది వలలే. కానీ ఆ వల మీద నాకు అధికారం లేదు, నేను కొనే టికెట్టు మీద ఉంది. ట్రాలర్ల గురించి ఇక్కడ వేరే థ్రెడ్ పెట్టండి, మొదటి సపోర్టు నాదే.

టీచరమ్మ గారూ, తొట్టెకూ సముద్రానికీ తేడా ఉందండీ. సముద్రంలో అది వెళ్లిపోగలదు. మనం చేయాల్సిందల్లా దానికి ఆ అవకాశం ఉంచడం. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు తాబేళ్ల కోసం రాత్రి నడకలు నడిపిస్తున్నారు, మామూలు జనం కూడా వెంట వెళ్లొచ్చు. సీజన్లో రాత్రిపూట ఇసుకలో కిలోమీటర్లు నడవాలి, ఫ్లాష్ కొట్టకూడదు, తాబేలు కనిపిస్తుందన్న హామీ ఉండదు. కనిపించకపోయినా నడిచినవాళ్లు గొడవ చేయరు, వాళ్లు దేనికి వచ్చారో వాళ్లకు ముందే తెలుసు. టీవీ చూడమని పంపేయడం కంటే ఇది ఎంతో మేలు. తిరుపతి నుంచి చెన్నై ఎంత దూరం, మూడు నాలుగు గంటల ప్రయాణం.

ఇక పలమనేరు సార్, మీ పాప విషయం చదివి సంతోషం వేసింది. కానీ చూస్తేనే ప్రేమ పుడుతుందన్న మాటకు నా దగ్గర ఎదురు ఉదాహరణ ఉంది. గుజరాత్‌లో వేరావల్ వైపు ఒకప్పుడు వేల్ షార్కుల్ని (పేరులో వేల్ ఉన్నా అది చేపే, చేపలన్నిట్లో పెద్దది) నూనె కోసం, మాంసం కోసం వేటాడేవాళ్లు. 2001లో చట్టం దాన్ని రక్షిత జాబితాలో చేర్చింది, 2004లో ప్రచారం మొదలైంది, రామకథ చెప్పే మొరారి బాపు దాన్ని పురిటికి పుట్టింటికొచ్చే ఆడబిడ్డతో పోల్చి చెప్పారు. ఆ తర్వాత అదే మత్స్యకారులు తమ వలలు తామే కోసి వందల వేల్ షార్కుల్ని వదిలిపెట్టారు, తెగిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అక్కడ టూరిస్టులెవరూ నీళ్లలోకి దూకి దాన్ని తడమలేదు.

అదే చేపను ఫిలిప్పీన్స్‌లో ఓస్లోబ్ అనే ఊళ్లో ఏం చేస్తున్నారో చూడండి. 2011 ప్రాంతం నుంచి పడవల్లోంచి చిన్న రొయ్యలు వేసి పిలుస్తున్నారు, అది వస్తుంది, జనం పక్కనే ఈదుతూ ఫొటోలు దిగుతారు. ఊరికి బాగా డబ్బొచ్చింది, అది కాదనలేం. కానీ సముద్రమంతా తిరిగే జీవి ఒకచోటే నెలల తరబడి ఆగిపోతోంది, పడవంటే తిండి అని నేర్చుకుంది, ఒంటినిండా పడవలు గీసిన గాట్లు. మన తిరుమల ఘాట్ రోడ్డులో కారు ఆగితే చాలు కోతులు మీదికొస్తాయి కదా, వాటికి అది నేర్పింది అరటిపళ్లు పెట్టిన మనమే. అక్కడ ఆ కోతి కొన్ని మీటర్ల పొడవున్న చేప అనుకోండి, ఎదురుగా ఉన్నది కారు కాదు, ప్రొపెల్లర్. అదే దేశంలో దోన్సోల్ అనే ఊరు ఉంది. 1998 నుంచి అక్కడా వేల్ షార్క్ టూరిజమే, కానీ తిండి వేయరు, ముట్టుకోనివ్వరు, ఒక చేప దగ్గరికి ఒకటే పడవ.

పలమనేరు_ప్రయాణం:

దోన్సోల్ కథ సగమే చెప్పారు. అక్కడ కొన్ని సీజన్లలో చేపలు సరిగా రాలేదు, టూరిస్టులు తగ్గారు. గ్యారంటీగా కనబడే ఓస్లోబ్‌కు జనం క్యూ కట్టారు. పద్ధతిగా ఉన్నవాడు నష్టపోయి, తిండి వేసినవాడు బాగుపడితే రేపు ఇంకొకడు పద్ధతిగా ఎందుకుంటాడు? దీనికి జవాబు చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.

ఎస్వీయూ_జువాలజీ:

ఇది గట్టి ప్రశ్న సార్, దీన్ని దాటేసి మాట్లాడితే నా వాదన నిలబడదు. నాకు తోచిన దారి ఒకటే, డబ్బు డాల్ఫిన్‌కు కాకుండా సముద్రంలో గడిపిన టైముకు ఇవ్వాలి. రెండు గంటల కిరాయి ముందే మాట్లాడుకోవాలి, కనిపించినా కనిపించకపోయినా అంతే డబ్బు. అప్పుడు వెంటపడాల్సిన అవసరం బోటువాడికి ఉండదు, నష్టపోతే ఆ నష్టం మనది, ఆయనది కాదు. పాపతో వెళ్లే నాన్నకు అది కష్టమే, ఏమీ కనిపించకపోతే పిల్ల మొహం వాడిపోతుంది. కానీ సముద్రం మనకోసం ఏర్పాటు చేసిన షో కాదని ఆ రోజే చెప్పొచ్చు, పిల్లలకు అర్థమవుతుంది. ఇది ఒక్కొక్కరి మంచితనం మీదే నడవదు, దూరం ఎంత, ఒకచోట ఎన్ని బోట్లు అన్నది ప్రభుత్వం రాసి అమలు చేయాల్సిందే. ఒడిశాలోని చిలికా సరస్సులో మిగిలిన ఇర్రవాడి డాల్ఫిన్లు 150 పైచిలుకు మాత్రమే, అక్కడ సాతపడా అనే ఊరి దగ్గర అంత చిన్న గుంపు చుట్టూ టూరిస్టు బోట్లు తిరుగుతుంటే ఎవరి ఇష్టానికి వాళ్లను వదిలేయలేం.

తడ_బోటు:

టైముకు డబ్బంటే బోటోళ్లు ఒప్పుకుంటారు సార్, నేను చెప్తున్నా కదా. ఇంజన్ ఆపి కూర్చుంటే డీజిల్ మిగులుద్ది. మీరు ఎక్కేముందే గట్టిగా చెప్పండి: దూరంగా ఆపు, ఇంజన్ కట్టెయ్, అవి వస్తే రానీ, పోతే పోనీ. ఎక్కినాక చెప్తే వినరు, ఎందుకంటే అప్పటికే బోటులో మిగతావాళ్లు పోనియ్ పోనియ్ అని అరుస్తుంటారు. వేరేవాళ్లతో కలిసి ఎక్కొద్దు, మీ గ్రూపుకే బోటు మొత్తం మాట్లాడుకోండి.

చిత్తూరు_టీచరమ్మ:

నేను ఇప్పటికీ వద్దనే అంటాను. ఇంజన్ కట్టేసినా అక్కడిదాకా వెళ్లడానికి వేయాలి కదా. కాకపోతే ఆ చెన్నై నడక నాకు తెలియదు. అక్కడికి టెన్త్ పిల్లల్ని తీసుకెళ్లాలంటే ఎవరిని అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఎస్వీయూ_జువాలజీ:

టీచరమ్మ గారూ, వివరాలు మెసేజ్‌లో పంపిస్తా. సీజన్ జనవరి నుంచి, ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మా గ్రూపులో సగం మంది టైముకు కిరాయి అనే మాటకు ఒప్పుకున్నారు, మిగతా సగం ఆ గ్యారంటీ బోటుకే వెళ్తామంటున్నారు. వాళ్లకు ఈ థ్రెడ్ పంపిస్తున్నా.