‘దానవాగ్రణి! వింటే’నా, ‘కంటే’నా?

శారద (మైలాపూరు): నరసింహుడి యానిమేషన్ సినిమా వచ్చినప్పటి నుంచీ పోతన భాగవతంలోని పద్యం ‘ఇందుగలడందు లేడని’ నోట్లో నానుతోంది. చివర ‘దానవాగ్రణి! కంటే’ అని గుర్తు. మా ఇంట్లో అందరూ ‘వింటే’ అంటున్నారు. ఏది సరి? ఇంకో సందేహం కూడా. ఈ పద్యానికే బాణీ కట్టి యానిమేషన్ సినిమాలో పాటగా పెడితే ఆస్కారుకో గ్రామీకో నిలుస్తుందా?

రంగనాథం (టి.నగర్): వింటే. ‘వింటివే’ కుదించుకుపోయి ‘వింటే’ అయింది, విన్నావా అని అర్థం. ఈనాటి చెవికి ‘విన్నట్లయితే’ అని తోచి వాక్యం సగంలో ఆగినట్టుంటుంది. జనం ‘కంటే’ వైపు జారేది అందుకే.

ప్రసాద్ (వలసరవాక్కం): ‘కంటే’కి మాత్రం ఆ చిక్కు లేదా అండీ? ‘దానవాగ్రణి కంటే’ అంటే దానవాగ్రణితో పోల్చినట్టుంది! ఛందస్సు వల్ల తేలదు, రెండూ గగమే (రెండు గురువులు), కందం చివర రెండూ ఇముడుతాయి. యతి (పాదం తొలి అక్షరానికి లోపలి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) కూడా అక్కడ లేదు. ‘చూచినన్ + అందందే’లోని అకారానికి ‘దానవ + అగ్రణి’లోని అకారం యతి. ‘వా’ని చూసి యతి తప్పిందనేవాళ్లు సంధి విడదీసి చూడాలి.

రంగనాథం: యతి సంగతి నేను అడగలేదు, శారదగారూ అడగలేదు. అర్థం చూడండి. హిరణ్యకశిపుడు కనేది స్తంభం పగిలాక. ఈ పద్యం దగ్గర ఆయన చేతిలో ఉన్నది వినడమే. పైగా మూడో పాదంలో ‘చూచిన’ అనేశాక మళ్లీ ‘కంటే’ అనడం పోతన చెయ్యడు.

లలిత (వడపళని): అవార్డు ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. ఆస్కారుకు పద్యం నిలవదు. మాట, బాణీ రెండూ ఆ సినిమా కోసమే కొత్తగా పుట్టాలి. పోతనది పదిహేనో శతాబ్దం, బాణీ ఎంత కొత్తదైనా లాభం లేదు. పాట సినిమా లోపల వినపడాలి, లేదా చివరి పేర్లు మొదలవగానే వచ్చే తొలి సంగీతమై ఉండాలి. ఆ పేర్లలో రెండో పాటగా వస్తే లెక్కలోకి రాదు. ‘నాటు నాటు’ 2023లో గెలిచిందంటే చంద్రబోస్ మాటా కీరవాణి బాణీ రెండూ ఆ సినిమాకే పుట్టాయి కాబట్టి.

ప్రసాద్: పద్యాన్ని సాకీగా (పాటకు ముందు తాళం లేకుండా) పాడించి, పల్లవి చరణాలు కొత్తగా రాయిస్తే?

లలిత: అది ఆస్కారు ఇచ్చే అకాడమీ సంగీత విభాగంవాళ్లు తేల్చాలి. ఎలాగూ రాయించక తప్పదు. కందం మొత్తం 64 మాత్రలు. మొదటి రెండు పాదాల 12, 20 కలిపితే సగం పద్యం 32, నాలుగేసి మాత్రలకు తాళంలో ఒక దెబ్బ అయితే సరిగ్గా ఎనిమిది దెబ్బల ఆదితాళ ఆవర్తం ఒకటి. రెండు ఆవర్తాలకే పద్యం అయిపోతే పాటెక్కడిది!

సుధీర్ (కోడంబాక్కం): గ్రామీలో యానిమేషన్ పాటలకు దృశ్యమాధ్యమాల పాట అని వేరే పీట ఉంది, ఎక్కువగా అక్కడే కూర్చోబెడతారు. సాంగ్ ఆఫ్ ది ఇయర్ దాకా వెళ్లి గెలిచింది అల్లావుద్దీన్ పాట ‘ఎ హోల్ న్యూ వరల్డ్’ ఒక్కటే, 1994లో.

లలిత: ఒక్కటి కాదండీ. 1988లో ‘సమ్‌వేర్ అవుట్ దేర్’ గెలిచింది, ‘యాన్ అమెరికన్ టెయిల్’లోది. డిస్నీది కాదు కాబట్టి మరిచిపోతారు. ఆ ఏడాది మీరన్న పీట కూడా దానిదే. 2025లో వచ్చిన ‘కె-పాప్ డెమన్ హంటర్స్’లోని ‘గోల్డెన్’ కూడా సాంగ్ ఆఫ్ ది ఇయర్ పోటీదాకా వెళ్లింది, చేతికొచ్చింది మాత్రం ఆ పీటే.

సుధీర్: సరే, రెండు. కానీ అసలు దెబ్బ గడువు దగ్గర పడుతుంది. డిస్నీ యానిమేషన్ సినిమా ‘ఎన్‌కాంటో’ విడుదల కాకముందే ఆస్కారు పాటల గడువు ముగిసింది. నిర్మాతలు అందులోంచి ‘దోస్ ఒరుగీతాస్’ పంపారు. జనం నెత్తికెత్తుకున్నది ‘వి డోంట్ టాక్ అబౌట్ బ్రూనో’. అమెరికా చార్టులో అయిదు వారాలు మొదటి స్థానంలో ఉన్నా ఆస్కారు పోటీలోనే లేదు. గ్రామీ 2023లో దానికి ఇచ్చింది. ఏ పాట పంపాలన్నది జనం వినకముందే తేల్చుకోవాల్సి రావడం పెద్ద జూదం.

శారద: తెలుగులోకి మార్చిన పాటలకేమీ రాదా?

సుధీర్: రాదు. బహుమతి మూలం రాసినవాళ్లది. 2020 ఆస్కారు వేదిక మీద ‘ఫ్రోజెన్ 2’ పాట ‘ఇంటూ ది అన్‌నోన్’ని ఎల్సా పాత్రకు గొంతిచ్చిన తొమ్మిదిమంది విదేశీ గాయనులు తమ తమ భాషల్లో పాడారు, మన భాషలేవీ లేవు. అనువాద గీతానికి ఇక్కడే విలువ లేదు, వాళ్లనేం అంటాం. 1950లో ‘ఆహుతి’ డబ్బింగుకి శ్రీశ్రీ రాసినది ఎంతమంది చదువుతారు? అదేమీ తేలిక పని కాదు. ప, బ, మ దగ్గర బొమ్మ పెదవులు మూసుకుంటాయి. సెకనుకు 24 ఫ్రేముల్లో కనీసం రెండైనా మూసి ఉంచకపోతే కంటికి ఆనదు. తెలుగు మాటలో అక్కడే పెదవి మూసే అక్షరం పడాలి, పైగా అర్థం చెడకూడదు.

ప్రసాద్: అయితే శారదగారి ప్రశ్న బొమ్మే తేలుస్తుంది! ‘వింటే’కి కింది పెదవి పైపళ్లకు తగలాలి, ‘కంటే’కి నోరు తెరిస్తే చాలు. యానిమేటరు ఏది గీస్తే అది.

రంగనాథం: యానిమేటరు గీతను బట్టి పోతన పాఠం నిర్ణయిస్తారా? బావుంది. ముందు మీరంతా మూడో పాదంలో ‘వెదకి జూచిన’ అని పాడడం మానండి. ‘వెదకి’ కళ (చివర ద్రుతం, అంటే నకారం, లేని మాట), దాని తర్వాత సరళాదేశం (‘చ’ ‘జ’ కావడం) రాదు. ‘చూచిన’ అనే ఉండాలి.

ప్రసాద్: అది బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి సూత్రం, పోతనకు ఎలా వర్తిస్తుందండీ? పోతన సూరికి నాలుగు శతాబ్దాల ముందువాడు.