గూడబాతు సంచి నమూనా: నీళ్లతోపాటు చేపలూ జారిపోతున్నాయి

నేలపట్టు పక్షుల కేంద్రం చూడబోయే ఒకటో తరగతి పిల్లలకు గూడబాతు (పెలికాన్) చేప పట్టే తీరు టబ్బు నీళ్లలో చేసి చూపాలి. దాని కింది ముక్కుకు వేలాడే సంచి చేపలు దాచుకునే బుట్ట కాదు, ముంచి తీసే వల అని తెలియాలి. చేపలతోపాటు నీళ్లూ లోపలికొస్తాయి; పక్షి ముక్కును ఛాతీ వైపు వంచి, నీళ్లు వంపేసి, ఆ తర్వాతే తలెత్తి మింగుతుంది.

నమూనా ఇదీ: కింది ముక్కుకు 40 సెం.మీ. వెదురు బద్దలు రెండు, రెండు కొసలా కట్టినవి. సంచికి కోసిన పెద్ద బెలూను. పై ముక్కుకు 4 సెం.మీ. వెడల్పు ప్లాస్టిక్ స్కేలు. 3 సెం.మీ. రబ్బరు చేపలు.

మొదట పాలిథిన్ కవరు పెడితే సాగలేదు, గాలి పట్టి పైకి తేలింది. నైలాన్ సాక్సులో నీళ్లు నిలవలేదు; పిల్లలు జల్లెడ అనుకుంటారు. బెలూను బాగానే సాగింది, టేపు ఊడుతుంటే దారంతో కుట్టాను.

అసలు చిక్కు బద్దలతోనే. పక్షి నోరు తెరిచినప్పుడు కింది దవడ ఎముకలు విల్లులా విచ్చుకుని, మూసేటప్పుడు మళ్లీ దగ్గరవుతాయి. నా బద్దలు 10 సెం.మీ. దాకా విచ్చుకుంటున్నాయి గానీ, నీళ్ల బరువుకు అలాగే ఉండిపోతున్నాయి. స్కేలు వాటిని కప్పదు. వంచగానే చేపలు పక్కల నుంచి జారిపోతున్నాయి. బద్దలను 2 మి.మీ.కి చెక్కితే విరిగాయి; రబ్బరు బ్యాండు వేస్తే అసలు విచ్చుకోలేదు.

10 సెం.మీ. విచ్చుకుని, తడిలోనూ తిరిగి 4 సెం.మీ.కి వచ్చేలా ఈ బద్దల బదులు ఏం వాడాలి?