తాళం తీసి జేబులో వేసుకున్నా ఫ్యూయల్ పంపు తిరుగుతూనే ఉంది

బెజవాడ_బండి: 2011 మోడల్ పెట్రోల్ బండి. సీఎన్‌జీ కిట్ బయట వేయించా. నాలుగు రోజుల నుంచి తాళం తీసేసినా వెనక సీటు కింద గుయ్యిమని చప్పుడు, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. రోజూ రాత్రి నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి పడుకుంటున్నా. ఆటోనగర్‌లో చూపిస్తే పంపు మార్చాలి, ఏడు వేలన్నాడు. మార్చాలా? ఇంకోటి, గ్యాస్ మీద మైలేజీ కూడా తగ్గింది. రెండిటికీ సంబంధం ఉందంటారా?

ఊరికే_చూస్తున్నా: రేడియేటర్ ఫ్యానేమో. మాదీ అంతే, బండి ఆపాక రెండు నిమిషాలు తిరిగి ఆగుద్ది.

బెజవాడ_బండి: వెనక సీటు కింద అన్నానండీ.

వైరింగ్_మామ: ఇరవై రెండేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని నాది. పంపు తిరుగుతోందంటే పంపు బాగున్నట్టే కదయ్యా! మార్చమన్నవాడికి ఓ దండం. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాలి, స్టార్ట్ కొడితేనే మళ్లీ తిరగాలి. ఆగట్లేదంటే కరెంటు ఎక్కడో తెగట్లేదు. పంపు రిలే, అంటే పంపుకి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, పీకి చూడు. చప్పుడు ఆగితే రిలేలో పాయింట్లు అతుక్కున్నట్టు, లేదా రిలేని పనిచేయించే వైరు వైపు ఏదో తేడా ఉన్నట్టు. పీకినా ఆగకపోతే రిలే 87 నంబరు పిన్ను నుంచి పంపుకెళ్లే వైరులోకి ఇంకెక్కడి నుంచో కరెంటు దూరుతోంది. ముందిది చేసి చెప్పు. రిలే పీకితే ఆగిందా, ఇక ఆ టెర్మినల్ ఊడదీయకు, పంపు ఫ్యూజు తీస్తే చాలు.

కరీంనగర్_పిలగాడు: నాకు గిట్లనే అయితే రిలే మీద స్క్రూడ్రైవర్ పిడితోని రెండు దెబ్బలు కొట్టిన. ఆగింది. ఏడు నెలలాయె, మళ్ల రాలె. ఒక్క రూపాయి పెట్టలె.

వైరింగ్_మామ: ఒకసారి అతుక్కున్న పాయింటు మళ్లీ అతుక్కుంటుంది. రెండొందల రిలేకి పిసినారితనం! ఎక్కడైనా గుద్దుకుని పైపు తెగిందనుకో, పంపు ఆగకపోతే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముద్ది. ఇంజిన్ ఆగితే పంపూ ఆగేలా పెట్టింది అందుకే.

కరీంనగర్_పిలగాడు: జర ఊకో మామా. అందర్నీ నీ షాపుకే రమ్మంటవ్.

వైరింగ్_మామ: నా షాపు పేరు చెప్పానా ఎక్కడైనా?

పాత_కార్బొరేటర్: మా మారుతి 800 కార్బొరేటర్ బండికి ఈ బాధే లేదు. ఇంజినే తోసే డయాఫ్రమ్ పంపు. ఇంజిన్ ఆగితే అదీ గప్‌చుప్.

ఖమ్మం_డ్రైవర్: తమ్మీ, ట్యాంకులో పెట్రోల్ ఎంతుంది? గ్యాస్ ఉంది కదా అని రిజర్వులో తిప్పుతున్నవా? పంపు పెట్రోల్లో మునిగుంటేనే సల్లగుంటది. నాయి రెండు పంపులు అట్లనే పోయినయ్.

సీఎన్‌జీ_సుఖీభవ: తప్పు. గ్యాస్‌లోకి మారగానే పంపు ఆగిపోతుంది. ఆరేళ్లుగా రిజర్వులోనే తిప్పుతున్నా, ఏమీ కాలేదు.

ఖమ్మం_డ్రైవర్: కిట్ వేసినోడు పంపు వైరు మధ్యల రిలే పెడితే ఆగుద్ది. చానామంది ఇంజిన్ల పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లను ఆపి ఊకుంటరు. పంపు తిరుగుతనే ఉంటది, పెట్రోల్ ఒత్తిడి చూసే రెగ్యులేటర్ కాడికి పోయి మళ్ల ట్యాంకులకే.

సీఎన్‌జీ_సుఖీభవ: చవక కిట్లు వేయించుకుంటే అలాగే ఉంటుంది మరి.

ఖమ్మం_డ్రైవర్: చవకదో కాదో నా జేబుకి తెలుసు, నీకెందుకు? కిట్ ఏదైతే ఏంది, వైరు కట్టింది మనిషే కదా.

సీఎన్‌జీ_సుఖీభవ: మర్యాదగా మాట్లాడండి.

డాలస్_అల్లుడు: ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్లేమో?

వైరింగ్_మామ: బాబూ, పెట్రోల్లో ఏం కలిపినా తాళం తీశాక కరెంటు రాదు.

బెజవాడ_బండి: రిలే పీకాను. చప్పుడు ఆగలేదు.

వైరింగ్_మామ: చెప్పానా! ఇక కంపెనీ వైరింగ్ జోలికి పోకు. గ్యాస్ కిట్ వాడు కలిపిన వైర్లు వెతుకు. నల్ల టేపు ఎక్కడుంటే అక్కడ విప్పు.

బెజవాడ_బండి: దొరికింది. డ్యాష్‌బోర్డు కింద టేపు చుట్టిన చిన్న రిలే ఇంకోటి ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా ఒక వైరు తెచ్చి దానికిచ్చాడు. అది పీకగానే సీటు కింద నిశ్శబ్దం!

ఖమ్మం_డ్రైవర్: గ్యాస్‌ల పంపు ఆగుద్దన్నరు కదా సుఖీభవ గారూ, ఆపే రిలే గదే ఇది.

సీఎన్‌జీ_సుఖీభవ: కట్టడం రానివాడు కడితే రిలే ఏం చేస్తుంది?

ఖమ్మం_డ్రైవర్: నేనన్నదీ అదే కదా!

వైరింగ్_మామ: కొత్త రిలే వేసి వదిలేయకు. ఆ బ్యాటరీ వైరు తీసేయించి, కంపెనీ రిలే తర్వాత పంపు వైరు మధ్యలో పెట్టించు. అప్పుడు తాళం తీస్తే కరెంటు ముందే తెగుద్ది, నీ రిలే అతుక్కున్నా పంపు తిరగదు.

బెజవాడ_బండి: రేపే చేయిస్తా మామా. మైలేజీ సంగతి ఎవరైనా చెప్తారా?

ఊరికే_చూస్తున్నా: రేడియేటర్ ఫ్యాన్ కూడా ఒకసారి చూపించండి.

గోదారి_గట్టు: నాది డీజిల్. తాళం తీసినా ఇంజినే ఆగట్లేదు, గేరులో వేసి క్లచ్ వదిలి ఆపుతున్నా. ఇక్కడ అడగొచ్చా, వేరే చర్చ పెట్టమంటారా?