సంక్రాంతి సంబరాల్లో చదువు స్టాల్: ఎవరు ఏ పని చూస్తారు?
(డాలస్‌లో ఉంటున్న మనవాళ్ళు మాట్లాడుకున్నది. పేర్లకి బదులు చూసే పని, సొంతూరు రాశాం.)

సమన్వయం (కావలి):
డాలస్ హాల్లో మనకి రెండు బల్లలు ఇచ్చారు. ఉలవపాడు, ఎర్రగొండపాలెం వైపు ఊళ్ళల్లో పిలకాయలకి ఇక్కణ్ణుంచి వారానికి మూడు రోజులు, రోజుకి 30 నిమిషాలు ఫోన్లో తెలుగు చదివించేవాళ్ళని అక్కడ ఎంచుకోవాలి. సంతకాల కాగితం మాత్రం పెట్టొద్దు. పెడితే భోజనాల క్యూలో ఉన్నవాళ్ళంతా పేరు రాసిపోతారు, ఫిబ్రవరికి ఫోనెత్తేవాళ్ళుండరు. నాకు 12 మంది చాలు. మనిషికి ముగ్గురు పిల్లలు, మొత్తం 36 మంది. వచ్చినవాళ్ళని మన ఆదివారం తెలుగు క్లాసు పిల్లల పక్కన పది నిమిషాలు కూర్చోబెట్టి చదివించమందాం. పిల్లవాడు ఆగిన ప్రతిచోటా ముందే మాట అందించేవాళ్ళని పుస్తకాల పనికి పంపిద్దాం.

పాఠాలు (కందుకూరు):
సరే అన్నా. అసర్ పద్ధతిలో పోదాం, అదే పల్లె పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే సర్వే. ముందు చిన్న పేరా ఇవ్వాలి. మూడు తప్పుల లోపు సాఫీగా చదివితే కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పదాలైనా అక్షరాలైనా అయిదింటిలో నాలుగు సరిగ్గా రావాలి. గుంపులు ఈ మెట్టును బట్టే కట్టాలి, తరగతిని బట్టి కాదు. అయిదో తరగతి పిల్లవాడు పదాల దగ్గరే ఉంటే రెండో తరగతి వాళ్ళతో కూర్చోవాల్సిందే. చిన్నతనం అనుకోకుండా గుంపులకి పక్షుల పేర్లు పెడదాం.

గుణింతం అప్పజెప్పించి వచ్చేసిందనుకోవద్దు. క నుంచి కః దాకా పాటలా చెప్పే పిల్లకి విడిగా 'కె' చూపిస్తే, మొదట్నుంచి వేళ్ళు మడుచుకుంటూ అక్కడికి వస్తుంది. కార్డులు కలిపేసి చూపించాలి. మ-య, ప-వ, ఘ-ఝ జంటలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్ళ చేతే చెప్పించాలి. ఒత్తుల్లో త, మ, న, య, ర, ల అసలు అక్షరం పోలిక లేకుండా మారిపోతాయి. వాటికి అత్త, అమ్మ, అన్న, అయ్య, కర్ర, పిల్ల చాలు. ఆరు మాటలూ ఇంట్లో వినేవే. సంయుక్తాక్షరాలు ఆ తర్వాతే.

ఇంకోటి. 'వచ్చాడు' అని రాసి ఉంటే పిల్లవాడు 'వచ్చినాడు' అంటాడు. అది తప్పు కాదు, అర్థం పట్టుకున్నాడని గుర్తు. తప్పుల్లో రాయొద్దు, దిద్దొద్దు.

ఒంగోలు:
అక్కా, మా ఇంట్లో మూడు పాత ట్యాబులున్నాయి, పంపించనా?

పాఠాలు (కందుకూరు):
వద్దు తమ్ముడూ. బ్యాటరీ పోతే అక్కడ బాగుచేయించే వాళ్ళుండరు. మనకి కావాల్సింది అక్కడ పిల్లల పక్కన కూర్చునే మనిషి. ఇంటరో డిగ్రీయో చదివిన ఆ ఊరి అమ్మాయి అయితే మంచిది, నెలకి గౌరవవేతనం ఇద్దాం. తను లేకుండా కాల్ కలపకూడదు, పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదు.

ఫోన్లో అందరి చేతా ఒకేసారి చదివిస్తే గోల తప్ప ఏమీ వినపడదు, గొంతు ఆలస్యంగా వస్తుంది కాబట్టి. ఒకరు చదువుతుంటే మిగతా ఇద్దరూ వేలు పెట్టి అనుసరించాలి. మీ తెరమీద మీ కార్డు అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. అవతలివాళ్ళకి సరిగ్గానే కనిపిస్తుంది, కంగారుపడి తిప్పొద్దు.

వేళలు (మార్కాపురం):
ఉలవపాడు సెంటర్ సాయంత్రం 6కి అంటే మనకి పొద్దున 6:30. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిపాక అదే 7:30 అవుతుంది. సొంత పిల్లల్ని బడికి దింపేవాళ్ళు అక్కడే జారిపోతారు. అప్పటికి ఊళ్ళో ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి సెంటర్‌ని 5కి జరిపితే మనకి మళ్ళీ 6:30.

ఎర్రగొండపాలెం వైపు జనవరిలో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. మిరపకోతలకి గుంటూరు, పల్నాడు పోయే కుటుంబాలు పిల్లల్ని కూడా తీసుకుపోతాయి. పరీక్ష పెట్టిన పిల్లల్లో సగం మంది ఫిబ్రవరిలో ఊళ్ళో ఉండకపోవచ్చు. అక్కడ బడులు తెరిచాక, జూన్‌లో మొదలుపెడదాం.

సమన్వయం (కావలి):
ఒప్పుకున్నా. అలాగైతే ఇప్పటికి ఉలవపాడుకి ఆరుగురు, 18 మంది పిల్లలు. మిగతా ఆరుగురినీ జూన్‌కి ఉంచుకుందాం, ఈలోపు ఎవరైనా రాకపోతే వాళ్ళే బదులు.

లెక్కలు (ఆత్మకూరు):
స్టాల్ దగ్గర డబ్బాలో వేసిన డబ్బుని ఎవరి ఖాతాకో నేరుగా పంపడం కుదరదు. సంఘం ఇచ్చినా, అమెరికా పౌరులు ఇచ్చినా అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి మళ్ళించడానికీ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ నిబంధన వర్తించదు. గౌరవవేతనం సంగతి తేలేదాకా డబ్బా పెట్టొద్దు.

ఒంగోలు:
అయితే కార్డులు నేను చూస్తా. ఎన్ని సెట్లు?

పాఠాలు (కందుకూరు):
పిల్లలకి 18, మనవాళ్ళకి 12, స్టాల్‌కి 2. అక్కడి కార్డులకీ ఇక్కడి కార్డులకీ ఒకటే నంబర్లుండాలి, "14వ కార్డు తియ్యి" అంటే సరిపోవాలి. పిల్లలవి ఒంగోల్లోనే జిరాక్స్ షాపులో వేయిస్తే పార్సిల్ ఖర్చు తప్పుతుంది. అక్షరం పెద్దదిగా ఉండాలి, కింద ఒత్తుకి చోటు వదలమను. వాళ్ళు వరసలు దగ్గరగా కొట్టి ఒత్తులు కోసేస్తారు, ఒక షీటు చూశాకే మిగతావి వేయించు. మెరిసే లామినేషన్ వద్దు, లైటు పడితే ఫోన్లో అక్షరం కనపడదు.