సాయం అడగడానికి మొహమాటపడే వాళ్ళని ఎలా చేరుకోవాలి?

అందరికీ నమస్తే. మా చర్చి సంఘం తరఫున ప్రతి నెలా చుట్టుపక్కల ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకి సరుకులు ఇస్తున్నాం, ఏ మతమని అడగం. పోయిన నెల ఒక పెద్దావిడ మడతపెట్టిన సంచి పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారు, మైకులో పేర్లు పిలవడం మొదలవగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. తప్పు మా పద్ధతిదే.

1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, తోటి విద్యార్థులు కలిసి మొదలుపెట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ వాళ్ళు ఇద్దరిద్దరుగా ఇళ్ళకే వెళ్ళి, కూర్చుని మాట్లాడి, ఏం కావాలో తెలుసుకుని సాయం చేస్తారు, విషయం బయటికి పొక్కనివ్వరు. మేమూ అలాగే చేద్దామనుకుంటున్నాం, కానీ ఉన్నది తొమ్మిది మందిమి, అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళమే.

ఇలాంటి పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. లిస్టు రాయకపోతే ఒకే ఇంటికి సాయం రెండుసార్లు వెళ్తుంది, రాస్తే ఆ పేర్లు నలుగురి నోళ్ళలో పడతాయని భయం, మీరెలా చూసుకుంటున్నారు? అద్దె, మందుల ఖర్చు లాంటివైతే డబ్బు చేతికిస్తారా, నేరుగా కట్టేస్తారా? అసలు గడప దాటలేని ముసలివాళ్ళ సంగతి మీకు ఎవరి ద్వారా తెలుస్తుంది?

ఆవిడ ఇల్లు ఎక్కడో కనుక్కున్నాను. ఈ ఆదివారంలోపు వెళ్ళాలి, ఏమని మాట మొదలుపెట్టాలో కూడా చెప్పండి ప్లీజ్.