శ్రీకాకుళంలో ఉండి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పని దొరుకుతుందా?

ప్రశ్న:
మాది ఆమదాలవలస. బీఎఫ్‌ఏ (చిత్రకళ డిగ్రీ) అయి రెండేళ్లయింది, ఫ్లెక్సీ షాపులో డిజైన్లు చేస్తున్నా. పది మంది ప్రచురణకర్తలకు నా పోర్ట్రెయిట్లు, దేవుడి బొమ్మలు మెయిల్ చేస్తే ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం నాలుగు బొమ్మలు వేయించుకుని, పుస్తకం వచ్చాక డబ్బు ఊసెత్తలేదు, నా పేరు కూడా వేయలేదు. హైదరాబాద్ వెళ్లక తప్పదా అన్నా?

జవాబు:
అక్కర్లేదు తమ్ముడూ, నేను విజయనగరంలో కూర్చునే వేస్తున్నా. పోర్ట్రెయిట్ చూస్తే నీ చెయ్యి తిరిగిందని తెలుస్తుంది, కానీ ఎడిటర్ చూసేది వేరు: మొదటి పేజీలో మేకపిల్లను ఎత్తుకున్న పాప, పదో పేజీలో అటు తిరిగి ఏడుస్తున్నా అదే పాప అని పోల్చుకోగలగాలి. ఏదైనా జానపద కథ తీసుకుని 16 పేజీలకు పెన్సిల్ స్కెచ్‌లు వెయ్యి, మూడింటికి రంగులు పూర్తి చెయ్యి, అక్షరాలకు చోటు వదులు. నా మొదటి పుస్తకంలో రెండు పేజీల మీదుగా వేసిన బొమ్మలో అవ్వ ముఖం సరిగ్గా మధ్య మడతలో పడింది, బైండింగ్ అయ్యాక ముక్కూ ఒక కన్నూ లోపలికి పోయాయి, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఫ్లెక్సీకి 72 డీపీఐ (అంగుళానికి పడే చుక్కల లెక్క) చెల్లుతుందేమో గానీ పుస్తకానికి 300 కావాలి, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కూడా. పిల్లల పుస్తకాలు వేసే సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’, చెన్నై ‘తూలిక’ సంస్థల పుస్తకాలు ముందు చూసి, వాళ్ల తరహా అర్థమయ్యాక పంపు.

మరో జవాబు:
బాబూ, ఈసారి కాగితం లేకుండా బ్రష్ పట్టకు. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కులు రాసివ్వడం రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి, గడువు రాయకపోతే అది 5 ఏళ్లే. సగం డబ్బు ముందే, ఎన్ని కరెక్షన్లు, లోపలి పేజీలో నీ పేరు, ఈ మూడూ మెయిల్‌లోనైనా రాయించుకో.

ఇంకొకరు:
మీ ఊరికి దగ్గర్లోనే, శ్రీకాకుళంలో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ఉంది, 1997లో కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) పెట్టింది. పాత పత్రికలు తిరగేసి కథకు బొమ్మ ఎక్కడ పడిందో చూడండి. చందమామ, యువ పత్రికలకు ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారు పుట్టిందీ శ్రీకాకుళంలోనే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. మా అమ్మమ్మ చెప్పే నక్క కథ ఒకటుంది, ఈ రాత్రే 16 గళ్లు గీస్తా. అన్నా, అక్షరాలు కూడా నేనే పెట్టి పంపాలా, ఖాళీ వదిలితే చాలా?