ఇన్సులిన్ సూదులు వాడాక ఎక్కడ పడేస్తున్నారు?

ఉప్పల్_పిల్ల: నాన్నగారికి రెండు పూటలా ఇన్సులిన్. చెత్త ఆటో ఆవిడ ‘సూదులుంటే సంచి ముట్టనమ్మా’ అని ఖరాఖండిగా చెప్పేసింది. ఆమె గ్లౌజులు వేళ్ల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి, ఇక నేనేం మాట్లాడను? మీరంతా ఏం చేస్తున్నారు?

నైట్‌డ్యూటీ_సిస్టర్: ఆవిడ అన్నదే కరెక్టు. ఇంట్లో వాడిన సూదులు ప్రమాదకర వ్యర్థాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ కలపకూడదు. ఖాళీ ఫినాయిల్ డబ్బా లాంటి మందపాటిది పెట్టుకోండి. నీళ్ల బాటిల్ వద్దు, నొక్కితే సూది బయటికి పొడుచుకొస్తుంది. సిరంజికి మూత మళ్లీ తొడగొద్దు, చాలామందికి గుచ్చుకునేది అప్పుడే. ఇన్సులిన్ పెన్ సూదికైతే బయటి పెద్ద మూత పెట్టి, తిప్పి ఊడదీసి, మూతతో సహా డబ్బాలో వేసేయండి. ముప్పావు నిండగానే బిగించి టేపు చుట్టి, పైన ‘సూదులు’ అని రాయండి.

బెజవాడ_బాబాయ్: అసలు తంటా డబ్బా నిండాకే. మా వీధి ల్యాబ్ వాళ్లు ‘మాకు సంబంధం లేదు’ అనేశారు. షుగర్ డాక్టర్ దగ్గరికి చెకప్‌కి వెళ్లినప్పుడు పట్టుకెళ్తాను. కాంపౌండర్ గొణుక్కుంటూనే తీసుకుంటాడు. ముందే ఫోన్ చేసి అడగండి.

మెల్‌బోర్న్_మామయ్య: ఇక్కడ చాలా కౌన్సిళ్లు తీసుకుంటాయి. మత్తు ఇంజెక్షన్లు చేసుకునేవాళ్లకైతే పేరు కూడా అడక్కుండా కొత్త సిరంజిలిచ్చే కేంద్రాలున్నాయి. సిడ్నీలో 1986లోనే మొదలైంది.

గోదారి_గాలి: ఊరికే సిరంజిలు పంచితే అలవాటు ఇంకా ముదరదూ?

ఒకప్పటి_ఔట్‌రీచ్: ముదరదండీ. సిరంజి దొరక్కపోతే మత్తు మానరు, పక్కవాడిది వాడతారు. హెచ్ఐవీ, హెపటైటిస్ సి పాకేది అలాగే. మన దేశంలోనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ప్రాజెక్టుల్లో కొత్తవి ఇచ్చి వాడినవి వెనక్కి తీసుకుంటారు. మణిపూర్‌లో ఎప్పటినుంచో ఉంది. అలా ఇవ్వడం నేరం కాదని 2017 హెచ్ఐవీ చట్టంలోనే ఉంది. మాకు కష్టమల్లా వాడినవి తిరిగి రాబట్టడం. జేబులో సిరంజి కనబడితే పోలీసులు పట్టుకుంటారని భయం, అందుకే దారిలోనే విసిరేస్తారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్: అలాంటిది ఎవరికైనా గుచ్చుకుంటే పిండకండి. సబ్బు పెట్టి పారే నీళ్లలో కడిగి వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది.

ఉప్పల్_పిల్ల: థాంక్స్ అక్కా. గ్లూకోమీటర్ లాన్సెట్లు, అదే వేలికి గుచ్చే చిన్న సూదులు కూడా ఆ డబ్బాలోనేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్: ఆ, అందులోనే. స్ట్రిప్పులు మాత్రం వేయకు, డబ్బా ఊరికే నిండిపోతుంది.